పరుగులోనూ పనిలోనూ దేవుని సంతోషం – ఎరిక్ లిడెల్ జీవితం



ఈ ప్రత్యేక సంచిక కోసం ఎవరైనా ఒక మహనీయుని జీవితాన్ని గూర్చి వ్రాసి ఇవ్వమని మన కార్యదర్శి గారు కోరారు. గాంధీగారిని గూర్చి, విశ్వేశ్వరయ్య గారిని గూర్చి వ్రాయగల సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను ప్రపంచమంతటా పేరు పొందినా మన వైపు అంతగా వినిపించని ఒక వ్యక్తిని ఎంచుకున్నాను. ఆయన పేరు ఎరిక్ హెన్రీ లిడెల్. పరుగు పందెగాడు, బడి పంతులు, మిషనరీ. 43 ఏళ్ళకే కన్నుమూశారు. అంటే మనలాగా పెన్షన్ కాగితాలు చూసుకునే వయస్సు ఆయనకు రాలేదు. అయినా పదవి పోయి, చప్పట్లు ఆగిపోయిన తరువాత మనిషి ఎట్లా బ్రతకాలి అనే విషయంలో ఆయన జీవితం మనకు పనికివస్తుందని నాకు తోచింది.

1981లో వచ్చిన చారియట్స్ ఆఫ్ ఫైర్ అనే ఇంగ్లీషు చిత్రం చూచినవారికి ఆయన కొంత తెలిసే ఉంటారు. ఉత్తమ చిత్రంతో కలిపి నాలుగు ఆస్కార్ బహుమతులు పొందిన సినిమా అది. అందులో లిడెల్ తన చెల్లెలితో మాట్లాడుతూ, తాను పరుగెత్తుతున్నప్పుడు దేవుడు తనను చూచి సంతోషిస్తున్నట్టు తనకు తెలుస్తూ ఉంటుందని చెబుతారు. ఆ ఒక్క మాట ప్రపంచంలోని చర్చిలన్నిటికీ ప్రాకిపోయింది. పాస్టర్లు ప్రసంగాలలో చెబుతారు, గోడ క్యాలెండర్ల మీద వేస్తారు. నిజానికి ఆ మాట లిడెల్‌ది కాదు, ఆ సినిమాకు కథ వ్రాసిన కాలిన్ వెల్లండ్ అనే రచయితది. అంతే కాదు, సినిమాలో చెల్లెలు జెన్నీ అన్నగారి పరుగులకు అడ్డు చెప్పినట్టు చూపించారు గాని ఆమె అటువంటి అడ్డు ఏమీ పెట్టలేదు. సినిమావాళ్ళకు కథలో తగవు ఉండాలి గదా.

మాట ఆయనది కాకపోయినా, అందులోని భావం ఆయన జీవితంలో ఉన్నదా లేదా అన్నదే నేను చూడదలచుకున్నది. ఉన్నట్లయితే అది పరుగు పందెంలోనే ఉన్నదా, లేక ఎవరూ చూడని రోజువారీ పనులలో కూడా ఉన్నదా?

లిడెల్ 1902 జనవరి 16న చైనాలోని టియెన్‌సిన్ పట్టణంలో జన్మించారు. ఆ పట్టణాన్ని ఇప్పుడు టియాంజిన్ అంటున్నారు. తండ్రి జేమ్స్ లిడెల్, తల్లి మేరీ ఇద్దరూ స్కాట్లాండు దేశస్థులు, లండన్ మిషనరీ సొసైటీ తరఫున చైనాలో పనిచేసేవారు. ఎరిక్‌కు రాబ్ అనే అన్న, జెన్నీ అనే చెల్లెలు, ఎర్నెస్ట్ అనే తమ్ముడు ఉన్నారు. ఆయన పసితనం షియావోఝాంగ్ అనే పల్లెటూరిలో గడిచింది. ఈ ఊరి పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఎరిక్‌కు 6 ఏళ్ళు, రాబ్‌కు 8 ఏళ్ళు ఉన్నప్పుడు, 1908లో, ఇద్దరినీ లండన్‌లో మిషనరీల కుమారుల కోసం పెట్టిన హాస్టలు బడిలో చేర్చి తల్లిదండ్రులు చైనాకు తిరిగి వెళ్ళిపోయారు. ఆ రోజుల్లో ఓడ ప్రయాణం. తల్లిదండ్రులను మళ్ళీ చూడాలంటే ఏళ్ళ తరబడి ఆగాలి. ఉద్యోగరీత్యా పిల్లలను హాస్టళ్ళలో వదలి బదిలీల మీద ఊళ్ళు తిరిగిన మనకు ఆ బాధ కొంత తెలుసు. ఆరేళ్ళ వాడు ఆ రాత్రి ఎట్లా నిద్రపోయాడో! ఆ బడినే తరువాత ఎల్తమ్ కాలేజీ అన్నారు. అక్కడే ఆయన రగ్బీలోనూ పరుగులోనూ పేరు తెచ్చుకున్నారు.

1920లో ఎడింబరో విశ్వవిద్యాలయంలో సైన్సు డిగ్రీకి చేరారు. 1922, 1923 సంవత్సరాలలో స్కాట్లాండు జాతీయ జట్టు తరఫున 7 సార్లు రగ్బీ ఆడారు. ఆ తరువాత రగ్బీ మానేసి పరుగు మీదనే దృష్టి పెట్టారు. 1923లో 100 గజాల పరుగు 9.7 సెకన్లలో ముగించి బ్రిటన్ రికార్డు సృష్టించారు. ఆయన పరుగు చూడటానికి ఏమీ అందంగా ఉండేది కాదట. తల వెనక్కు వాల్చి, నోరు తెరచి, చేతులు గాలిలో గిరగిర త్రిప్పుతూ పరుగెత్తేవారు. శిక్షకులు చూస్తే తల పట్టుకోవలసిన పద్ధతి. గెలుపు మాత్రం ఆయనదే.

అదే సంవత్సరం జులైలో స్టోక్ పట్టణంలో 440 గజాల పందెం జరిగింది. పందెం మొదలైన కొద్ది క్షణాలకే వేరొకరు తగిలి ఆయన క్రింద పడిపోయారు. లేచేసరికి మిగిలినవారు సుమారు 20 గజాలు ముందుకు వెళ్ళిపోయారు. పందెం పోయిందనుకున్నారంతా. ఆయన లేచి పరుగెత్తి, ఒక్కొక్కరినే దాటి, గీత దగ్గర మొదటివాడుగా చేరి, అక్కడే సొమ్మసిల్లి పడిపోయారు. ఆయన పందెములన్నిటిలోకి ఇదే గొప్పదని చూచినవారు చాలామంది అన్నారు. ఒలింపిక్ పందెము కంటె నాకు కూడా ఇదే ఇష్టం.

1923లోనే మరొక సంగతి జరిగింది. ఎరిక్ స్వతహాగా బిడియస్థుడు, నలుగురిలో నోరు విప్పేవారు కాదు. ఏప్రిల్ నెలలో డి.పి. థాంసన్ అనే యువ సువార్తికుడు ఆయన దగ్గరకు వచ్చి, ఆర్మడేల్ అనే చిన్న పట్టణంలో మగవారి సభలో సాక్ష్యం చెప్పమని అడిగారు. ఎరిక్ ఒక్క క్షణం తల వంచుకొని, వస్తానన్నారు. సభకు వచ్చినవారు ఎనభై మంది లోపే. పెద్ద ఉపన్యాసం ఏమీ లేదు. దేవుడు తనకు ఏమిటో, తన దైనందిన జీవితంలో ఆయన తోడు ఎట్లా ఉంటుందో నాలుగు ముక్కలు నెమ్మదిగా చెప్పి కూర్చున్నారు. మరునాడు స్కాట్లాండు పత్రికలన్నిటిలో అదే వార్త. అప్పటినుండి ఆయన ఎక్కడ మాట్లాడినా జనం వచ్చేవారు.

ఇక పారిస్ ఒలింపిక్స్. 1924. ఆయనకు బంగారు పతకం ఖాయమని అందరూ అనుకున్నది 100 మీటర్ల పందెంలో. అయితే దాని తొలి పోటీలు జులై 6వ తేదీ ఆదివారం నాడు పెట్టారు. ఆదివారం ప్రభువు దినం, ఆ రోజున పందెములలో పాల్గొనను అని లిడెల్ చెప్పేశారు. సినిమాలో ఈ సంగతి ఆయనకు ఓడ ఎక్కేటప్పుడు తెలిసినట్టు, యువరాజు వగైరాలు నచ్చచెప్పినట్టు చూపారు గాని, అసలు కార్యక్రమం నెలల ముందే తెలుసు. తెలిసిన నాడే ఆయన పేరు ఉపసంహరించుకున్నారు. రెండు రిలే పందెములను కూడా అదే కారణంతో వదులుకున్నారు. విమర్శించినవారు విమర్శించారు. ఆయన ఎవరితోనూ వాదం పెట్టుకోలేదు, ఆదివారం పరుగెత్తేవారిని తప్పుపట్టనూ లేదు. ఉన్న కొద్ది నెలలలో 400 మీటర్ల పందెమునకు సాధన చేశారు. పారిస్‌లో ఉన్నప్పుడు అక్కడి స్కాట్లాండు వారి చర్చిలో ప్రసంగించారు కూడా.

100 మీటర్లలో హరాల్డ్ అబ్రహామ్స్ బంగారు పతకం గెలుచుకున్నారు. ఆయన కూడా బ్రిటన్ వారే. జులై 9న 200 మీటర్లలో లిడెల్‌కు కాంస్యం వచ్చింది. జులై 11న 400 మీటర్ల ఆఖరి పందెం. ఆ రోజు ఉదయం, జట్టుకు మర్దనలు చేసే ఉద్యోగి ఒకరు ఆయన చేతిలో ఒక మడత కాగితం పెట్టారు. దేవుణ్ణి ఘనపరచేవారిని దేవుడు ఘనపరుస్తాడనే అర్థం వచ్చే వాక్యం అందులో ఉంది. మొదటి సమూయేలు గ్రంథం చదివినవారికి అది ఎక్కడిదో తెలుసు. దేశపు పెద్దలో అధికారులో కాదు, కాళ్ళకు నూనె రాచే మనిషి ఆ కాగితం ఇచ్చాడు. నాకు ఈ విషయం చాలా నచ్చుతుంది.

ఆయనకు దొరికినది అన్నిటికంటె బయటి వరుస. ఆ వరుసలో ఉన్నవాడికి ప్రక్కవాళ్ళు కనపడరు, ఎవరు ఎంత దూరంలో ఉన్నారో తెలియదు. 400 మీటర్లు పరుగెత్తేవారు మధ్యలో కొంత ఊపిరి దాచుకుంటారు. లిడెల్ దాచుకోలేదు. మొదటినుండి 100 మీటర్ల వేగంతోనే పరుగెత్తారు. సగంలోనే పడిపోతారనుకున్నారు. తల వెనక్కు వాలింది, వేగం పెరిగింది. 47.6 సెకన్లలో కొత్త రికార్డుతో గెలిచారు. రెండవ స్థానంలో వచ్చిన అమెరికన్ ఫిచ్ ఆయనకు కొన్ని గజాల వెనుక ఉన్నారు.

కొద్ది రోజులకే ఎడింబరోలో పట్టప్రదాన సభ జరిగింది. తోటి విద్యార్థులు తలమీద ఆకుల కిరీటం పెట్టిన ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి భుజాల మీద వీధులలో ఊరేగించారు. అప్పుడు ఆయన వయస్సు 22.

ఇక్కడ నాకు ఒక స్వంత విషయం చెప్పాలని ఉంది. మనలో తంతి విభాగంలో పనిచేసినవారికి ఆదివారం డ్యూటీ అంటే ఏమిటో వివరించనక్కరలేదు. తంతి కార్యాలయానికి సెలవు లేదు. మా ఇంట్లో వారు పిల్లలను తీసుకొని ఆరాధనకు వెళుతూ ఉంటే, నేను టిఫిన్ డబ్బా పట్టుకొని ఆఫీసుకు వెళ్ళిన ఆదివారాలు లెక్కలేనన్ని. పెళ్ళి శుభాకాంక్షలు రేపు అందినా ఫరవాలేదు, కాని మరణవార్త ఆగకూడదు. చర్చిలో పెద్దమనిషి ఒకరు, విశ్రాంతి దినాన్ని ఆచరించనివారు ప్రభురాత్రి భోజనం బల్ల దగ్గరకు ఏ ముఖంతో వస్తారని నలుగురిలో అన్నారు. ఆయన అన్నది నన్నే. ఆ మాట చాలా ఏళ్ళు మనస్సులో ముల్లులాగా ఉండిపోయింది. ఒలింపిక్ పతకాన్ని కాదన్న లిడెల్ ఎక్కడ, డ్యూటీ చార్టును కాదనలేని నేను ఎక్కడ అనుకునేవాడిని. 2013 జులైలో దేశంలో తంతి సేవే ఆగిపోయింది గాని ఆ ప్రశ్న నాలో ఆగలేదు. లిడెల్ జీవితం చివరివరకూ చదివిన తరువాతనే దానికి నాకు జవాబు వంటిది కనపడింది.

1925 వేసవిలో, పేరు ప్రతిష్ఠలు మంచి పసరు మీద ఉన్న సమయంలో, ఆయన చైనాకు బయలుదేరారు. ఎడింబరో రైల్వే స్టేషను జనంతో నిండిపోయింది. రైలు సైబీరియా మీదుగా వెళ్ళింది. టియెన్‌సిన్‌లోని ఆంగ్లో చైనీస్ కాలేజీలో సైన్సు ఉపాధ్యాయుడిగా చేరారు. ఆటలు నేర్పేవారు, ఆదివారపు బడి నడిపేవారు. ఆ పట్టణంలో మిన్‌యువాన్ స్టేడియం నిర్మాణానికి సలహాలు ఇచ్చి సహాయపడ్డారు. పన్నెండేళ్ళు ఇదే పని. పిల్లల నోటుపుస్తకాలు దిద్దడం, ప్రయోగశాలలో గాజు గొట్టాలు కడిగించడం, సాయంత్రం మైదానం. కీర్తి కోసం అయితే ఈ పన్నెండేళ్ళు వృథా. ఆయనకు అట్లా అనిపించినట్టు ఎక్కడా ఆధారం లేదు. 1932లో సెలవు మీద స్కాట్లాండు వెళ్ళి దైవసేవకునిగా అభిషేకం పొందారు. 1934 మార్చి 27న ఫ్లోరెన్స్ మెకెంజీ అనే కెనడా మిషనరీల కుమార్తెను వివాహం చేసుకున్నారు. పెట్రీషియా, హెదర్ అని ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు.

1937లో జపాన్ సైన్యం చైనా మీద పడింది. ఆ సంవత్సరాంతంలో మిషన్ వారు ఆయనను పల్లె సేవకు వెళ్ళమన్నారు. ఏ ఊరనుకున్నారు? ఆయన పసివాడుగా తిరిగిన షియావోఝాంగ్. అక్కడి ఆసుపత్రిలో అన్న రాబ్ డాక్టరు. భార్యాపిల్లలు మాత్రం టియెన్‌సిన్‌లోనే ఉండిపోవలసి వచ్చింది. కరువు, దొంగలు, ఒక ప్రక్క జపాన్ సేన, మరొక ప్రక్క చైనా దళాలు. ఈ మధ్యలో ఆయన సైకిలు మీదా కాలినడకనా ఊరూరూ తిరిగేవారు. పల్లె జనం ఆయనను లీ ముషీ అనేవారు, అంటే లీ పాస్టరు గారు అని.

ఒకసారి, గాయపడిన మనిషి ఒకడు పాడుబడ్డ గుడిలో రోజుల తరబడి పడి ఉన్నాడని తెలిసింది. ఇంట్లో చేర్చుకుంటే జపాన్ సైనికులు చంపుతారని ఊరివాళ్ళ భయం. లిడెల్ ఒక బండివాణ్ణి వెంట తీసుకొని వెళ్ళి అతణ్ణి బండిలో పడుకోబెట్టారు. దారిలో మరొకడు కనిపించాడు, కత్తివేటుకు మెడ తెగి ప్రాణంతో మిగిలినవాడు. అతణ్ణి కూడా ఎక్కించుకొని ఆసుపత్రికి చేర్చారు. మొదటివాడు బ్రతకలేదు. రెండవవాడు బ్రతికాడు. అతడు చిత్రకారుడు. కోలుకొన్న తరువాత పూవుల బొమ్మలు వేసి లిడెల్‌కు బహూకరించాడు.

1941లో పరిస్థితి విషమించింది. గర్భవతిగా ఉన్న ఫ్లోరెన్స్‌ను, ఇద్దరు పిల్లలను కెనడాకు పంపి ఆయన ఉండిపోయారు. సెప్టెంబరులో మూడవ అమ్మాయి మౌరీన్ పుట్టింది. ఆ బిడ్డను ఆయన ఎన్నడూ చూడలేదు. ఆయన అప్పుడే వెళ్ళిపోయి ఉండవలసిందని అనేవారు ఉన్నారు. ముగ్గురు ఆడపిల్లల తల్లి కోణం నుండి చూస్తే ఆ మాటను నేను తీసిపారేయలేను.

1943 మార్చిలో జపాన్ వారు ఆయనను ఇతర విదేశీయులతో పాటు షాన్‌డాంగ్ ప్రాంతంలోని వైషియెన్ నిర్బంధ శిబిరంలో పెట్టారు. అది ఒకప్పుడు అమెరికన్ మిషన్ ఆవరణ. దాని చైనా పేరుకు సంతోష మార్గపు ప్రాంగణం అని అర్థం. సుమారు 200 గజాల పొడవు, 150 గజాల వెడల్పు ఉన్న ఆ ప్రాంగణంలో సుమారు 1500 మంది. వ్యాపారులు, బ్యాంకు అధికారులు, పాస్టర్లు, సన్యాసినులు, త్రాగుబోతులు, పసిపిల్లలు, అన్ని రకాలూ ఉన్నారు. నీళ్ళకు క్యూ, గంజికి క్యూ, మరుగుదొడ్డికి క్యూ. అటువంటి చోట మనుషుల అసలు స్వభావం బయటపడుతుంది. గది కొలతల కోసం, రొట్టె ముక్క కోసం పెద్ద చదువులు చదివినవారు పోట్లాడుకున్నారు. ఆ శిబిరంలోనే ఉన్న లాంగ్డన్ గిల్కీ అనే అమెరికన్ తరువాత ప్రసిద్ధ వేదాంత పండితుడై, దీన్ని గూర్చి ఒక పుస్తకం వ్రాశారు. భక్తులమనుకునేవారి స్వార్థాన్ని కూడా ఆయన అందులో దాచలేదు. అంత నిష్కర్షగా వ్రాసిన ఆయనే, లిడెల్ విషయానికి వచ్చేసరికి, తాను చూచిన మనుషులలో పరిశుద్ధుడు అనదగినవాడు ఈయనే అన్న అభిప్రాయం వెలిబుచ్చారు.

ఏమి చేశారని? పెద్ద పనులేమీ చేయలేదు. ముసలివారికి నీళ్ళ బకెట్లు మోశారు. బొగ్గు మోశారు. సైన్సు పరికరాలు లేకపోతే, ప్రయోగశాల సామానంతా కాగితాల మీద బొమ్మలు గీసి పిల్లలకు రసాయన శాస్త్రం నేర్పారు. హాకీ కర్రలు విరిగితే పాత దుప్పట్లు చింపి చుట్టి బాగుచేశారు. సాయంత్రాలు ఏమీ తోచక తిరిగే కుర్రవాళ్ళను కూడగట్టి చదరంగం ఆడించారు, పడవ బొమ్మలు చేయించారు, నృత్యాలు ఏర్పాటు చేశారు. పిల్లలందరికీ ఆయన అంకుల్ ఎరిక్. 1943 సెప్టెంబరులో చీఫూ అనే ఊరి మిషన్ బడి పిల్లలను ఆ శిబిరానికి తెచ్చారు. వాళ్ళలో చాలామంది తల్లిదండ్రులకు దూరమై ఏళ్ళు గడిచినవారు. ఆరేళ్ళ వయస్సులో లండన్ హాస్టలులో మిగిలిపోయినవాడికి ఆ పిల్లల సంగతి వేరొకరు చెప్పవలసిన పని లేదు.

రోజూ తెల్లవారకముందే లేచి, వేరుసెనగ నూనె దీపం పెట్టుకొని, గదిలో ఉన్న మరొక వ్యక్తితో కలిసి బైబిలు చదివి ప్రార్థన చేసేవారు. ఆ రోజు ఎవరికి ఏమి చేయాలో అక్కడే ఆలోచించుకునేవారు. ఆయనకు అన్నిటికంటె ప్రియమైన భాగం కొండమీద ప్రసంగం. దైనందిన క్రైస్తవ జీవితాన్ని గూర్చి ఆయన తయారుచేసుకున్న పాఠాలు ఎంతో కాలానికి, 1985లో, ది డిసిప్లిన్స్ ఆఫ్ ది క్రిస్టియన్ లైఫ్ అనే పుస్తకంగా వచ్చాయి. అందులో కూడా పరుగు పందెముల గొప్పలు ఉండవు. ఉదయం ప్రార్థన, నిజాయితీ, విధేయత, ఇటువంటివే.

మా ఇంట్లో వారికి పక్షవాతం వచ్చి మూడేళ్ళయింది. వేడినీళ్ళు పెట్టడం, మాత్రలు లెక్క చూసి ఇవ్వడం, దుప్పట్లు ఉతకడం ఇప్పుడు నా పని. ఆఫీసులో ఉన్నప్పుడు సరైన సమయానికి తంతి పంపితే ఎవరో ఒకరు బాగుందనేవారు. దుప్పటి ఉతికితే ఎవరూ అనరు. బకెట్ ఎత్తి పట్టుకున్నప్పుడు లిడెల్ బకెట్లు గుర్తుకు వస్తాయి. దేవుడు చూస్తున్నాడు, చూచి సంతోషిస్తున్నాడు అనే ఎరుక కొన్ని రోజులు కలుగుతుంది, కొన్ని రోజులు కలుగదు. కలిగిన రోజున నడుము నొప్పి తగ్గదు గాని విసుగు తగ్గుతుంది.

ఇక ఆదివారం సంగతి. శిబిరంలో కూడా లిడెల్ ఆదివారం ఆటలు పెట్టేవారు కాదు. కొందరు పిల్లలు మాత్రం ఒక ఆదివారం తమంతట తామే హాకీ ఆట పెట్టుకున్నారు. రిఫరీ లేడు. ఆట కాస్తా కొట్లాటగా మారింది. కర్రలు లేచాయి. ఈ సంగతి విని లిడెల్ ఆలోచించారు. తరువాతి ఆదివారం ఆయనే ఈల పట్టుకొని మైదానంలో నిలబడ్డారు. ఆదివారం ఆడననే మాట మీద ఒలింపిక్ పతకాన్ని వదులుకున్న మనిషి, తల్లిదండ్రులు దగ్గర లేని పిల్లలు తలలు పగులగొట్టుకోకుండా ఆదివారం రిఫరీగా నిలబడ్డారు. తన కోసం అయితే పరుగెత్తలేదు, వాళ్ళ కోసం నిలబడ్డారు. పారిస్‌లో చేసినది తప్పయి ఇక్కడ దిద్దుకున్నారని నేను అనుకోను. రెండు చోట్లా ఆయన చూచినది ఒక్కటే, దేవునికి ఏది ఇష్టం అని. నా చర్చి పెద్దమనిషి మాట ముల్లు ఈ సంగతి చదివిన రోజున ఊడిపోయింది. ఆదివారాలు నేను పంపిన ఆ మరణవార్తలు ఎవరికో సమయానికి చేరాయి. తల్లి శవానికి కొడుకు ఎదురుగా ఉండగలిగాడు.

1944 చివరిలో ఆయనకు తలనొప్పులు మొదలయ్యాయి. నడక మందగించింది. పని ఎక్కువై నరాలు అలసిపోయాయని అనుకున్నారు. 1945 ఫిబ్రవరిలో ఆసుపత్రి గదిలో పడుకున్నప్పుడు, శాల్వేషన్ ఆర్మీ బ్యాండువారు ఆయన కోరిక మీద ఒక కీర్తన వాయించారు. ఫిబ్రవరి 21న భార్యకు ఒక చిన్న ఉత్తరం టైపు చేశారు. డాక్టర్లు పని మార్చుకోమంటున్నారని, పాఠాలూ ఆటలూ మానేసి వంటశాలలో రొట్టెలు చేసే పనికి మారవచ్చునని, ఆ మార్పు బాగానే ఉంటుందని దాని సారాంశం. ఒలింపిక్ విజేత రొట్టెల పనికి మారడాన్ని గూర్చి ఎంత మామూలుగా వ్రాశారో చూడండి. ఆ రోజు సాయంత్రమే ఆయన చనిపోయారు. పరీక్షించి చూస్తే మెదడులో పెద్ద కంతి ఉన్నది.

శిబిరంలోనే ఒక మూల ఆయనను పాతిపెట్టి చెక్క సిలువ నాటారు. పేరు వ్రాయడానికి రంగు లేక బూట్ల పాలిష్‌తో వ్రాశారు. ఆరు నెలలకు, ఆగస్టు 17న, అమెరికన్ సైనికులు పారాషూట్లతో దిగి శిబిరాన్ని విడిపించారు. ఫ్లోరెన్స్‌కు భర్త మరణవార్త మే నెలలో కెనడాలో అందింది. 1991లో ఎడింబరో విశ్వవిద్యాలయం వారు స్కాట్లాండు నుండి గ్రానైట్ రాయి తెప్పించి ఆ స్థలంలో నిలిపారు. ఆ ఊరిని ఇప్పుడు వైఫాంగ్ అంటున్నారు.

మరణానికి కొద్ది వారాల ముందు ఆయన తన పరుగు బూట్లను శిబిరంలో ఒక కుర్రవాడికి ఇచ్చారు. చలికాలం, ఆ పిల్లవాడికి కాళ్ళకు ఏమీ లేవు. బూట్లు అప్పటికే పాతబడి, దారాలతో కుట్టి అతుకులు వేసినవి. శత్రువుల కోసం ప్రార్థన చేయాలని కూడా ఆయన ఆ కుర్రవాడికి నేర్పారు. యుద్ధం ముగిసిన తరువాత ఆ పిల్లవాడు పెద్దవాడై మిషనరీగా జపాన్ వెళ్ళి సుమారు 40 ఏళ్ళు అక్కడే పనిచేశాడు.